వెరియర్ ఎల్విన్: మన పాటలు రాసుకున్న బిషప్పు కొడుకు



మన స్మారక సంచికల్లో కొమురం భీమ్, బిర్సా ముండా వంటి వీరుల జీవితాలు చదువుకుంటూ ఉంటాం. ఈసారి మన జాతిలో పుట్టని ఒక మనిషి కథ చెబుతాను. ఆయన ఇంగ్లండులో ఒక బిషప్పు కొడుకు. క్రీస్తు పేరుమీద సేవ చేయడానికి మన దేశం వచ్చారు. గోండు పల్లెలో మట్టి గుడిసె వేసుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. చివరికి భారత పౌరుడై, ఆదివాసీల విషయంలో ప్రభుత్వానికి సలహాదారు అయ్యారు. ఆయనే వెరియర్ ఎల్విన్.

ఈ కథ ఇప్పుడెందుకు అంటారా? మన గూడేల్లో ఒక ప్రశ్న ఉంది. ఒకే ఇంట్లో అన్న చర్చికి వెళ్తాడు, తమ్ముడు పెద్దల దేవుళ్లకు మొక్కుతాడు. పండుగ వచ్చిందంటే డోలు ఎవరు కొట్టాలి, కొత్తల పండుగ అన్నం ఎవరు తినాలి అన్న దగ్గర మాటలు ఆగిపోతాయి. మతం మారితే జాతి మారినట్టేనా? మన మంచి చెడ్డలు ఎవరు నిర్ణయించాలి? ఎల్విన్ జీవితమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది, ఆయన్ని నిలదీసి అడగవలసిందీ ఉంది.

డోవర్ నుంచి పూనా దాకా

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవర్ పట్టణంలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ హెన్రీ ఎల్విన్ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు ఆంగ్లికన్ బిషప్పు. ఎల్విన్‌కు ఏడేళ్ల వయసులో తండ్రి చనిపోయారు. భక్తి, క్రమశిక్షణ గట్టిగా ఉన్న తల్లి పెంపకంలో పిల్లలు పెరిగారు. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో ఎల్విన్ ఇంగ్లీషు సాహిత్యంలోనూ, క్రైస్తవ వేదాంతంలోనూ మొదటి శ్రేణి సాధించారు. చిన్న వయసులోనే అక్కడి విక్లిఫ్ హాల్ అనే పాదిరుల శిక్షణ కళాశాలకు వైస్ ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ దారిలోనే నడిస్తే ఆయన కూడా ఏదో ఒకనాడు బిషప్పు అయ్యేవారేమో.

1927 చివరలో ఆయన ఆ దారి వదిలి ఇండియాకు ఓడ ఎక్కారు. ఇంగ్లీషువాళ్లు ఈ దేశం నుంచి తీసుకున్నదే ఎక్కువ, ఒక్కడైనా ఇవ్వడానికి వెళ్లాలి, అది తన దేశం తరఫున ప్రాయశ్చిత్తం అనుకున్నారు. పూనాలో జాక్ విన్‌స్లో అనే ఆంగ్లికన్ పాదిరి స్థాపించిన క్రిస్త సేవా సంఘ్‌లో చేరారు. ఆ ఆశ్రమంలో తెల్లవాళ్లూ భారతీయులూ కలిసి ఖాదీ కట్టి, నేలమీద కూర్చుని, శాకాహారం తిని, క్రీస్తును భారతీయ పద్ధతిలో ప్రార్థించేవారు.

అక్కడ ఎల్విన్ యూరప్ క్రైస్తవ యోగుల రచనలనూ, మన దేశపు భక్తుల మార్గాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు. మధ్యయుగపు ఇంగ్లీషు భక్తుడు రిచర్డ్ రోల్‌ను క్రైస్తవ సన్యాసిగా చూపిస్తూ ఒక చిన్న పుస్తకం రాశారు. దేవుడు ఒక దేశానికో, ఒక భాషకో చెందినవాడు కాడనే నమ్మకం ఆయనలో అప్పుడే వేళ్లూనింది.

1928లో సబర్మతి వెళ్లి గాంధీజీని కలిశారు. గాంధీ ఆయన్ని కొడుకులా చూసుకున్నారు. ఎల్విన్ స్వరాజ్యం వైపు నిలబడి, సత్యాగ్రహం క్రీస్తు మార్గానికి దగ్గరిదేనని రాశారు. ఒక ఇంగ్లీషు పాదిరి ఇలా రాయడం తెల్ల ప్రభుత్వానికీ నచ్చలేదు, చర్చి పెద్దలకీ నచ్చలేదు.

కరంజియాలో మట్టి గుడిసె

ఎక్కడ పని చేయాలని ఎల్విన్ వెతుకుతున్నప్పుడు, కాంగ్రెస్ పెద్దల్లో జమ్నాలాల్ బజాజ్ గోండుల మధ్యకు వెళ్లమని సూచించారు. 1932 జనవరి నెలాఖరుకు ఆయన మైకల్ కొండల్లోని కరంజియా చేరారు. నర్మద పుట్టిన అమరకంటక్‌కు దగ్గరలో, అప్పటి మండ్లా జిల్లాలో ఉన్న పల్లె అది. ఆయనతో వచ్చిన మరాఠీ క్రైస్తవుడు శ్యామ్‌రావ్ హివాలే జీవితాంతం వెన్నంటి నిలిచిన స్నేహితుడు. పల్లెవాళ్లు ఎల్విన్‌ను బడే భాయి అనీ, శ్యామ్‌రావ్‌ను ఛోటే భాయి అనీ పిలుచుకున్నారు.

ఇద్దరూ మట్టితో, గడ్డితో ఆశ్రమం కట్టుకున్నారు. దానికి పేదల సాధువు ఫ్రాన్సిస్ పేరు పెట్టారు. మందులిచ్చే చోటు, బడులు, తర్వాత కుష్ఠు రోగుల కోసం ఒక నివాసం ఏర్పడ్డాయి. జ్వరం వచ్చినా, పోలీసు కేసు పడినా, షావుకారు అప్పు మెడకు చుట్టుకున్నా జనం వీళ్ల గుమ్మం తొక్కేవారు. ఆ పనికి గోండు సేవా మండల్ అని పేరు వచ్చింది. తొలి రోజుల అనుభవాలను ఎల్విన్ 1936లో డైరీ రూపంలో పుస్తకంగా తెచ్చారు.

మొదటి నుంచీ ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరినీ మతం మార్చకూడదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

చర్చి గడప దాటిన రోజు

నాగపూర్ బిషప్పు ఎల్విన్‌కు పాదిరిగా పనిచేసే అనుమతి ఇవ్వడానికి బ్రిటిష్ రాజుకు విధేయత ప్రమాణం చేయాలన్నారు. ఎల్విన్ ఒప్పుకోలేదు. గోండులకు సువార్త చెప్పి బాప్తిస్మం ఇవ్వకపోతే పాదిరివి ఎందుకన్న ప్రశ్న కూడా ఎదురైంది. ప్రతి సాయంత్రం మంటల దగ్గర కూర్చుని గోండుల పాటలు, పుట్టుక కథలు వింటున్న మనిషికి ఆ పని అసాధ్యం అనిపించింది. ఇంత లోతైన లోకాన్ని అబద్ధమని వాళ్ల ముఖాన ఎలా చెప్పగలను అన్నదే ఆయన బాధ. 1935లో ఆయన చర్చి నుంచి, పాదిరి పదవి నుంచి తప్పుకున్నారు. ఇంగ్లండులో ఉన్న తల్లికి అది పెద్ద దెబ్బ.

మిషనరీలందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని మనం గుర్తుంచుకోవాలి. నార్వే నుంచి వచ్చిన పాల్ ఓలఫ్ బోడింగ్ సంతాల్ భాషకు ఐదు సంపుటాల నిఘంటువు తయారు చేశారు, సంతాల్ కథలను ప్రాణంలా భద్రపరిచారు. ఆయన చివరిదాకా మిషనరీగానే ఉన్నారు. చర్చిలో ఉండి కూడా మన భాషను గౌరవించవచ్చు. చర్చి బయట ఉండి కూడా మనల్ని చిన్నచూపు చూడవచ్చు.

గాంధీ మార్గం నుంచి కూడా ఎల్విన్ మెల్లగా దూరం జరిగారు. పత్తి పండని కొండల్లో రాట్నం తిప్పమనడం ఆయనకు అర్థం కాలేదు. మద్యనిషేధం మంచి మాటే కావచ్చు. అయితే పుట్టుకకూ, పెళ్లికీ, చావుకూ, దేవుడి మొక్కుకూ ఇప్పసారా చుక్క వేసి ఆరగింపు పెట్టే జనానికి, నీ దేవుడికి పెట్టేదే పాపం అని చెబితే వాళ్ల మనసు ఏమవుతుంది? మిషనరీ చెప్పినా, సంస్కర్త చెప్పినా ఆ మాట తగిలే చోటు ఒకటేనని ఆయన గ్రహించారు.

బైగాల పోడు, అగరియాల కొలిమి

ఎల్విన్ మానవశాస్త్రం కాలేజీలో చదువుకోలేదు. ఊళ్లో ఉండి నేర్చుకున్నారు. 1939లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకం బైగాల గురించి. బైగాలు కొండ వాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లేవారు. దాన్ని బేవర్ అంటారు. మనం పోడు అనేది అదే. నాగలితో దున్నితే భూమితల్లి రొమ్ము చీల్చినట్టే అని వాళ్ల నమ్మకం. తెల్లవాళ్ల అటవీ శాఖ బేవర్‌ను నిషేధించి, బైగా చక్ అనే కొద్దిపాటి ప్రాంతంలో మాత్రమే దాన్ని అనుమతించింది. తరాల అడవి ఒక్క కాగితంతో సర్కారుది అయిపోయింది. పోడు పోతే పోయేది పంట మాత్రమే కాదనీ, ఒక జాతి ధైర్యమే చచ్చిపోతుందనీ ఎల్విన్ వివరంగా రాశారు. పోడు పట్టాల కోసం తిరుగుతున్న మన ఇళ్లలో ఆ మాట ఎవరికీ కొత్తగా అనిపించదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక దేశంలో మొదటగా ఆవాస హక్కులు పొందినవాళ్లలో ఆ బైగాలూ ఉన్నారు.

1942లో అగరియాల మీద పుస్తకం వచ్చింది. వాళ్లు రాతి నుంచి ఇనుము కరిగించే జాతి. కొలిమి మీద సర్కారు పన్ను, బజారులో చౌక ఇనుము కలిసి ఆ విద్యను ఎలా చంపేశాయో ఆయన చూపించారు.

బస్తర్‌లో మారియా జాతివాళ్ల వంద హత్య కేసులను పరిశీలించి 1943లో మరో పుస్తకం తెచ్చారు. అడవి జనం క్రూరులనే మాట తప్పనీ, ఆ హత్యల వెనుక కుటుంబ కలహాలు, చేతబడి అనుమానాలు, అవమానాలు ఉన్నాయనీ వివరించారు.

1947లో మురియాల ఘోటుల్ గురించి రాశారు. ఘోటుల్ అంటే ఊరి యువతీ యువకులు కలిసి ఉండే ఇల్లు. ఆటపాటలతో పాటు ఊరి పని, క్రమశిక్షణ, పెద్దల పట్ల మర్యాద అక్కడే నేర్చుకునేవారు. ఎల్విన్ దాన్ని గౌరవంతోనే రాశారు. కానీ బయటి పాఠకుల్లో చాలామంది ఆ పుస్తకంలో కుతూహలానికి కావలసిందే వెతుక్కున్నారు. మన ఇంటి సంగతి బయటివాళ్ల చేతికి వెళ్తే ఏమవుతుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

తర్వాత ఆయన ఒడిశా కొండలకు వెళ్లారు. గంజాం, కోరాపుట్ ప్రాంతాల సవరల దేవుళ్లు, పూజారులు, గోడల మీద గీసే బొమ్మల గురించి రాసిన గ్రంథం 1955లో వెలువడింది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాల్లో ఉన్న మన సవర బంధువులది అదే జాతి. వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన మన గిడుగు రామమూర్తి గారి కృషి అంతకుముందే జరిగింది. భీమ్ అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమెన్‌డార్ఫ్ కూడా ఎల్విన్ కాలంవాడే.

రక్షకుడి మీద రెండు ఫిర్యాదులు

ఎల్విన్‌కు వ్యతిరేకులు తక్కువేమీ కాదు. ఆదివాసీలను బయటివాళ్ల దోపిడీ నుంచి కాపాడటానికి వాళ్ల ప్రాంతాలను ప్రత్యేకంగా రక్షించాలని ఆయన మొదట్లో ప్రతిపాదించారు. మనుషుల్ని జంతుప్రదర్శనశాలలో పెట్టినట్టు పెడతారా అని విమర్శలు వచ్చాయి. బొంబాయిలోని సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1943లో ఏకంగా పుస్తకమే రాసి, ఆదివాసీలు వేరు కాదు, వెనుకబడిన హిందువులేనని వాదించారు. ఒకరు వేరుగా ఉంచాలన్నారు, మరొకరు కలిపేసుకోవాలన్నారు. ఇద్దరూ పెద్ద విద్వాంసులే. ఆ వాదనలో మనవాళ్ల గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఎల్విన్ తర్వాత తన మాట సవరించుకున్నారు. మార్పు వద్దనడం లేదు, మార్పు వాళ్ల చేతుల్లో ఉండాలి అనే వైపు వచ్చారు.

రెండో ఫిర్యాదు క్రైస్తవుల నుంచి. 1944 ప్రాంతంలో మండ్లా జిల్లాలోని కాథలిక్ మిషన్ బడులకు వ్యతిరేకంగా ఎల్విన్ గట్టిగా ప్రచారం చేశారు. బడి పేరుతో మతం మారుస్తున్నారన్నది ఆయన ఆరోపణ. ఒకప్పటి పాదిరే ఇలా అనడం చాలామందికి నొప్పి కలిగించింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఆశ చూపి, భయపెట్టి మతం మార్చడం తప్పు, నిజమే. కానీ ఒక గోండు తన బుద్ధితో ఆలోచించి క్రీస్తును నమ్ముకుంటే, అది కూడా ఒక ఆదివాసీ తీసుకున్న నిర్ణయమే కదా? దాన్ని వద్దనే హక్కు ఎల్విన్‌కు ఎవరిచ్చారు? మార్చడానికి వచ్చినవాడూ, మారకుండా కాపాడటానికి వచ్చినవాడూ మనల్ని అడగకుండానే మన తరఫున తీర్పు చెప్పేసే ప్రమాదం ఉంది.

కోసి

ఈ ప్రమాదం ఎల్విన్ ఇంట్లోనే కనిపిస్తుంది. 1940లో ఆయన కోసి అనే రాజ్‌గోండు అమ్మాయిని గోండు పద్ధతిలో పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆయన నడిపిన బడిలో చదువుకున్న పిల్ల, వయసులో ఆయనకంటే చాలా చిన్నది. అప్పుడు ఆయన నలభైకి దగ్గర పడుతున్నారు. వాళ్లకు ఇద్దరు కొడుకులు. 1949లో కలకత్తా హైకోర్టులో విడాకులయ్యాయి. తర్వాత పాటన్‌గఢ్‌కు చెందిన లీల అనే పర్ధాన్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఆమెతో జీవితం చివరిదాకా సాగింది.

పర్ధాన్లు మన ఆదిలాబాద్‌లోనూ గోండుల చరిత్రను కింగ్రి మీద పాడే గాయకులే. ఆ పాటన్‌గఢ్ నుంచే తర్వాత జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గొప్ప చిత్రకారుడు వచ్చి గోండు బొమ్మలను ప్రపంచానికి చూపించాడు.

ఎల్విన్ తన ఆత్మకథలో కోసి గురించి రాసింది అతి తక్కువ. ఎన్నో జాతుల ఆడవాళ్ల పాటలు, కథలు సేకరించి వేల పేజీలు నింపిన మనిషి, తన పిల్లల తల్లి కథకు చోటివ్వలేదు. ఎల్విన్ పోయాక కోసి ఎన్నో ఏళ్లు బతికారు. రాయిత్వార్ పల్లెలో పేదరికంలోనే ఆమె ముసలితనం గడిచింది. పుస్తకాలకు బహుమతులు వచ్చాయి. ఆమెకు మాత్రం తన మాట తానే చెప్పుకునే పుస్తకం లేదు. ఎల్విన్‌ను గౌరవించేవాళ్లు ఈ సంగతి దాచిపెట్టకూడదు. దీన్ని చెప్పకపోతే కోసికి మనం కూడా అన్యాయం చేసినవాళ్లమవుతాం.

నేఫా, ఐదు సూత్రాలు

1954లో ఎల్విన్ భారత పౌరసత్వం తీసుకున్నారు. అదే సంవత్సరం ఈశాన్య సరిహద్దు ప్రాంతమైన నేఫాకు, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్‌కు, మానవశాస్త్ర సలహాదారుగా షిల్లాంగ్ చేరారు. 1957లో నేఫా పాలన ఎలా ఉండాలో ఒక పుస్తకం రాశారు. దాని రెండో ముద్రణకు నెహ్రూ రాసిన ముందుమాటలో ఉన్నవే ఆదివాసీ పంచశీలగా పేరొందిన ఐదు సూత్రాలు.

వాటి సారం ఇది. ఆదివాసీలు తమ స్వభావం ప్రకారం ఎదగాలి, ఏదీ వాళ్ల మీద రుద్దకూడదు. భూమి మీద, అడవి మీద వాళ్ల హక్కును గౌరవించాలి. పాలనకు, అభివృద్ధికి వాళ్లలోనుంచే మనుషుల్ని తయారు చేయాలి. లెక్కకు మించిన పథకాలతో, అధికారులతో వాళ్లను ముంచేయకూడదు. ఎంత డబ్బు ఖర్చయిందన్నది కాదు, మనిషి ఎలా ఎదిగాడన్నదే కొలత కావాలి.

ప్రత్యేక గిరిజన అభివృద్ధి బ్లాకులను పరిశీలించిన కమిటీకి ఎల్విన్ అధ్యక్షుడిగా ఉన్నారు. 1960లో వచ్చిన ఆ నివేదిక పరిధిలో మన ఆంధ్రప్రదేశ్ బ్లాకులూ ఉన్నాయి. ఢేబర్ కమిషన్‌లో ఆయన సభ్యులు. 1961లో పద్మభూషణ్ వచ్చింది. చివరి సంవత్సరాల్లో ఆయన మనసు బౌద్ధం వైపు మళ్లింది. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. ఆ ఏడాదే వెలువడిన ఆయన ఆత్మకథకు 1965లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

మనం చేయవలసింది

ఎల్విన్ నుంచి నేను మొదట నేర్చుకున్నది వినడం. చెప్పడానికి వచ్చిన మనిషి కూర్చుని విన్నాడు కాబట్టే బైగాల నమ్మకం, అగరియాల కొలిమి, సవరల గోడబొమ్మ కాగితం మీదకు ఎక్కాయి. మనలో చర్చికి వెళ్లేవాళ్లూ, పెద్దల దేవుళ్లకు మొక్కేవాళ్లూ ఒకరి మాట ఒకరు అలా వింటున్నారా? ప్రార్థన చేసే నోరు అమ్మమ్మ పాట మరిచిపోనక్కర్లేదు. డోలు కొట్టే చెయ్యి చర్చికి వెళ్లే తమ్ముణ్ని తోసేయనక్కర్లేదు. ఎవరి దేవుణ్ని వాళ్లు కొలుస్తూనే ఒకే భాషను, ఒకే అడవిని, ఒకే పూర్వీకులను కలిసి కాపాడుకోవచ్చు.

కోసి నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఎంత ప్రేమ ఉన్నవాడైనా బయటివాడు రాసేటప్పుడు కొన్ని గొంతులు వదిలేస్తాడు. ఆ గొంతులు మన ఇళ్లలోనే ఉన్నాయి. ఎల్విన్‌కు నోటుపుస్తకం, పెన్సిలు ఉండేవి. మీ చేతిలో ఫోను ఉంది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. ఆమె పాడే పాట, చెప్పే కథ, ఆమె పెళ్లి నాటి సంగతి, ఆమె పడ్డ కష్టం, అన్నీ మన భాషలోనే రికార్డు చేయండి, రాసి పెట్టండి. రాసే ముందు ఆమెను అడగండి, రాశాక ఆమెకు చదివి వినిపించండి.